చిన్న సినిమాకు తక్కువ థియేటర్ల రిలీజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా తీయడానికి రెండేళ్లు ప్రాణం పెట్టిన టీమ్‌లు కూడా రిలీజ్ సంగతిని ఆఖరి రెండు వారాలకు వదిలేస్తుంటాయి. అప్పటికి చేతిలో డబ్బు అయిపోతుంది, తేదీ దగ్గరపడుతుంది, ఎవరేం చెబితే దానికి తలూపాల్సి వస్తుంది. ఆ టెన్షన్‌లో కొత్త నిర్మాతలు, దర్శకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. స్టార్లు లేని, తక్కువ బడ్జెట్ తెలుగు సినిమాను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలివి.

లిమిటెడ్ రిలీజ్ అంటే ఎన్ని థియేటర్లు?

అమెరికాలో ట్రేడ్ లెక్కల ప్రకారం 600 థియేటర్ల కంటే తక్కువైతే లిమిటెడ్ అంటారు. మన దగ్గర అలాంటి గీత ఏదీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి యాభై, అరవై స్క్రీన్లతో మొదలుపెట్టి, టాక్ చూసి పెంచుకుంటూ పోవడాన్నే మామూలుగా ఆ పేరుతో పిలుస్తున్నారు. ఇందులో అసలు విషయం పెంచుకుంటూ పోవడమే. యాభై స్క్రీన్లలో వేసి, అవి నిండినా రెండో వారానికి ఏ ఏర్పాటూ చేసుకోకపోతే ఆ రిలీజ్ సగంలో ఆగిపోయినట్టే.

థియేటర్లు తగ్గిస్తే వసూళ్లూ తగ్గుతాయి కదా?

అందరూ మొదట భయపడేది దీనికే. ఒక లెక్క వేసి చూద్దాం. పబ్లిసిటీకి, డిజిటల్ ఖర్చులకు (హాల్లో సినిమా వేయడానికి డిజిటల్ కంపెనీలకు స్క్రీన్ల లెక్కన కట్టేది) కలిపి 42 లక్షలు పెట్టారనుకోండి. జీఎస్టీ, థియేటర్ వాటా పోగా ఒక్కో టికెట్ మీద మీకు సగటున 60 రూపాయలు మిగులుతుందనుకుందాం. రిలీజ్ ఖర్చు వెనక్కి రావాలంటే 70,000 మంది టికెట్ కొనాలి. ప్రొడక్షన్ ఖర్చు ఇందులో లేదు, గుర్తుంచుకోండి.

50 స్క్రీన్లు, రోజుకు నాలుగు ఆటలు, ఏడు రోజులంటే 1,400 షోలు. ఒక్కో షోకి 50 మంది రావాలి. మూడొందల సీట్ల హాల్లో 50 మంది తక్కువే అయినా షో నడుస్తుంది, చూసినవాళ్లు బయటికొచ్చి నలుగురికి చెబుతారు. అదే సినిమాను 250 స్క్రీన్లలో వేస్తే 7,000 షోలు. షోకి పది మంది చొప్పున వస్తే ఆ 70,000 టికెట్ల లెక్క కాగితం మీద సరిపోతుంది. కానీ పది మందికి షో వేయడానికి హాలు వాళ్లు ఇష్టపడరు. మొదటి ఆట క్యాన్సిల్ చేస్తారు. రెండో ఆటకి వచ్చినవాడు తలుపులు మూసి ఉండటం చూసి వెళ్లిపోతాడు, వెళ్లినవాడు మళ్లీ రాడు. శనివారం పొద్దునకి మీ షో స్థానంలో వేరే సినిమా ఉంటుంది. పైగా 250 స్క్రీన్లంటే డిజిటల్ ఖర్చు పెరిగి, మొత్తం 42 లక్షల్లో ఆగదు.

కాబట్టి ముందు అడగాల్సింది ఎన్ని థియేటర్లు దొరుకుతాయని కాదు, శుక్రవారం నాడు మన సినిమాకి టికెట్ కొనేవాళ్లు ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారని. వాళ్లకు సరిపడా స్క్రీన్లే తీసుకోండి.

ప్రేక్షకుడు కొన్న టికెట్‌లో నిర్మాతకు దక్కేదెంత?

ఆంధ్రప్రదేశ్ మల్టీప్లెక్సుల్లో మామూలు సీటు 177 రూపాయలన్నది చాలామందికి తెలిసిన ధరే. అందులో అసలు టికెట్ 150, మిగతా 27 రూపాయలు 18 శాతం జీఎస్టీ. ఆ 150లో మొదటి వారం సుమారు సగం పంపిణీ వైపు వస్తుందనుకుంటే 75. దీన్నే షేర్ అంటారు. తర్వాతి వారాల్లో మన శాతం తగ్గుతుంది. ఆ షేర్‌లోంచి డిస్ట్రిబ్యూటర్ తన కమిషన్, పబ్లిసిటీకి తాను పెట్టిన ఖర్చు తీసుకుంటాడు. మిగిలిందే మీ చేతికొస్తుంది. ఆన్‌లైన్ బుకింగ్‌లో ప్రేక్షకుడు కట్టే కన్వీనియన్స్ ఫీజు మన లెక్కలోకి రాదు.

ఇది కాక వర్చువల్ ప్రింట్ ఫీజు ఉంటుంది, అదే వీపీఎఫ్. క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ కంపెనీలకు స్క్రీన్ల లెక్కన కట్టేది. హాల్లో పది మంది ఉన్నా, ఫుల్స్ పడినా దీన్ని కట్టాల్సిందే. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలంతా కొత్త సినిమాల విడుదల ఆపేసి గొడవకు దిగింది ఈ ఫీజు మీదే. పెద్ద సినిమాకి ఇది లెక్కలోకి రాని ఖర్చు. చిన్న సినిమాకి మాత్రం ఒక్కోసారి మొత్తం షేర్‌ని మింగేస్తుంది. స్క్రీన్లు తగ్గించమని చెప్పడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

పోస్టర్ మీద వేసే అంకె గ్రాస్. అందులో పన్ను, హాలు వాటా, అన్నీ ఉంటాయి. పది కోట్ల గ్రాస్ అని పోస్టర్ పడితే నిర్మాతకు పది కోట్లు వచ్చాయనుకునే బంధువులకు ఇది ఓపిగ్గా చెప్పండి. అప్పులవాళ్లకైతే ఇంకా ముందే చెప్పండి.

అద్దె మంచిదా, పర్సంటేజా?

చిన్న సినిమాకి పర్సంటేజే, అంటే వచ్చిన కలెక్షన్‌ను హాలుతో శాతాల్లో పంచుకోవడం. అద్దె పద్ధతిలో వారానికి ఇంతని హాలుకి కట్టాలి, కలెక్షన్ దాన్ని దాటితేనే మీకు షేర్. దాటకపోతే ఎదురు చెల్లించాలి. ట్రేడ్‌లో నెగటివ్ షేర్ అనేది దీన్నే. సినిమా ఆడకపోవడం ఒక దెబ్బ, ఆడినన్నాళ్లూ చేతి డబ్బు కట్టడం ఇంకో దెబ్బ.

నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు పెద్ద సినిమాలకు అద్దె ఇచ్చి, ఆడని వాటికి పర్సంటేజ్ అంటున్నారని సింగిల్ స్క్రీన్ యజమానులకు ఎప్పటినుంచో కోపం ఉంది. 2025 వేసవిలో జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని వాళ్లు ప్రకటించింది ఇందుకే, అన్నిటికీ పర్సంటేజ్ కావాలన్నది వాళ్ల డిమాండ్. తర్వాత మూసివేత ఆలోచన విరమించుకున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. కరెంటు బిల్లు, జీతాలు మన సినిమా ఆడినా ఆడకపోయినా ఆగవు. అందుకే హాలు యజమానితో మాట్లాడేటప్పుడు ఆయన్ని శత్రువులా చూడకండి. మన సినిమా రెండో వారం ఉండాలా వద్దా అని తేల్చేది ఆయనే.

డిస్ట్రిబ్యూటర్ డబ్బిచ్చి కొంటాడా?

మొహం తెలియని నటులతో తీసిన సినిమాను ముందే డబ్బిచ్చి కొనే బయ్యర్ ఇవాళ చాలా అరుదు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ (గోదావరి జిల్లాలు), కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలవారీగా అడ్వాన్సులు వచ్చేది పేరున్న కాంబినేషన్లకే. చిన్న సినిమా ఎక్కువగా కమిషన్ మీద వెళ్తుంది. అంటే డిస్ట్రిబ్యూటర్ థియేటర్లు మాట్లాడి, లెక్క వసూలు చేసి, తన శాతం పట్టుకుని మిగతాది ఇస్తాడు. రిస్క్ అంతా నిర్మాతదే.

అలాంటప్పుడు అగ్రిమెంట్‌లో ఎక్కువ మంది చూడని చోటు ఒకటుంది. పబ్లిసిటీ ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఎంతో రాసి ఉందా? లేకపోతే తర్వాత వచ్చే బిల్లులో ప్రతి ఫ్లెక్సీ మీ ఖాతాలోనే పడుతుంది. హాలు నుంచి వచ్చే డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు, ఏ రోజుకారోజు మీకూ పంపాలని కూడా రాయించుకోండి. వారం తర్వాత ఒకేసారి ఇచ్చే కాగితంతో ఏ షో నిండింది, ఏ ఊళ్లో పెరిగింది అనేది తెలియదు. తెలిసేసరికి చేయడానికేమీ ఉండదు.

పేరున్న బ్యానర్ సమర్పణలో వస్తే దారి కొంత సులువవుతుంది. 2016లో 'పెళ్లి చూపులు' వెనుక డి.సురేష్ బాబు, 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వెనుక రానా నిలబడ్డారు. ఆ పేర్లు సినిమాను ఆడించలేదు, సినిమాలే ఆడాయి. కానీ హాళ్ల తలుపులు తెరుచుకోవడానికి, రెండో వారం నిలబడటానికి ఆ పేర్లు పనికొచ్చాయి. సమర్పకుడు దొరికితే వాటా ఇవ్వడానికి వెనుకాడకండి.

ఏ ఊళ్లు ఎంచుకోవాలి?

కథ ఎక్కడిదో అక్కడ మొదలుపెట్టండి. 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవాళ్లలో ఎక్కువమంది విశాఖలోని ఆ పేటవాళ్లే. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' తెలంగాణ పల్లెల్లో ఎలా పాకిందో చూశాం. ఓటీటీలోకి వచ్చాక కూడా ఊరంతా ఒకచోట కూర్చుని తెర కట్టుకుని చూశారు. ఆ యాస, ఆ తంతు, ఆ కొట్లాట తమ ఇంట్లోవే అనిపించాయి వాళ్లకు. ఇలాంటి కథకు మొదటి రోజు జిల్లా కేంద్రాలు, మండల కేంద్రాలే ముఖ్యం.

కాలేజీ కథ, ఐటీ ఉద్యోగి కథ అయితే లెక్క వేరు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, అమీర్‌పేట, గచ్చిబౌలి వైపు మల్టీప్లెక్సులు, విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుపతి, వరంగల్, ఆ తర్వాత బెంగళూరు. బి, సి సెంటర్లకు, అంటే చిన్న పట్టణాలకు, పల్లెలకు మొదటి వారం వెళ్లకపోయినా నష్టం లేదు. టాక్ బాగుంటే అక్కడి హాళ్లే ఫోన్ చేస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఒకే ఊళ్లో పక్కపక్క హాళ్లలో వేయొద్దు. ఒక హాలు నిండి, టికెట్లు లేవన్న మాట ఊళ్లో వినబడితే చాలు. రెండు హాళ్లు సగం సగం ఉంటే ఆ మాటే పుట్టదు.

ఏ తేదీ మంచిది?

సంక్రాంతికి దూరంగా ఉండండి. 2024 సంక్రాంతికి 'హనుమాన్' లాంటి సినిమాకే హైదరాబాద్ సింగిల్ స్క్రీన్లు దొరకడం కష్టమైంది. అది తర్వాత పెద్ద హిట్ అయింది, అది వేరే సంగతి. పరీక్షల సమయం, ఐపీఎల్ సాయంత్రాలు, ఎన్నికల వేడి, వీటిలో జనం హాలు వైపు రారు. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు మూసే పరిస్థితి వచ్చింది, జనం లేకే.

అలాగని పోటీ అంటేనే పారిపోనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 5న 'లిటిల్ హార్ట్స్'తో పాటు అనుష్క సినిమా 'ఘాటి', తమిళం నుంచి 'మదరాసి' వచ్చాయి. చిన్న సినిమానే ముందుకెళ్లింది. నవ్వుకోవాలనుకునే కుర్రాళ్లకు ఆ వారం ఉన్నది అదొక్కటే. అంటే పక్కన ఎంత పెద్ద సినిమా ఉందని కాదు, మన ప్రేక్షకుడినే కోరుకునే సినిమా ఉందా అని చూడాలి.

మన చేతిలో లేనివీ ఉంటాయి. '35 చిన్న కథ కాదు' 2024 సెప్టెంబరు 6న వచ్చేనాటికి విజయవాడ బుడమేరు వరద నీళ్లలో ఉంది. అలాంటి సమయంలో సినిమాకి రండని ఎవరిని అడగగలం? అందుకే పబ్లిసిటీ డబ్బంతా శుక్రవారానికి ముందే ఖర్చు చేయొద్దని చెప్పేది.

పెయిడ్ ప్రీమియర్లు వేయాలా?

విడుదలకు ముందే టికెట్ పెట్టి వేసే షోలివి. సినిమా మీద నమ్మకం ఉంటే తప్పకుండా వేయండి. 'పెళ్లి చూపులు' నుంచి 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' దాకా, విడుదలకు ముందే మామూలు జనానికి చూపించి వాళ్ల నోటి మాటను వాడుకున్న సినిమాలు ఉన్నాయి. అయితే ఇది రెండు వైపులా తెగుతుంది. గురువారం రాత్రి బాగాలేదన్న మాట వస్తే శుక్రవారం మార్నింగ్ షోకి ఎవరూ రారు.

కాబట్టి ముందు టికెట్ లేకుండా, మీకు ఏ సంబంధం లేని వందమందికి చూపించండి. స్నేహితులు, చుట్టాలు, సినిమావాళ్లు వద్దు. ఇంటర్వెల్‌లో ఎంతమంది ఫోన్ తీశారు, సెకండాఫ్‌లో ఎక్కడ కుర్చీల్లో కదిలారు అన్నది వెనక వరసలో నిలబడి చూడండి. బయటికొచ్చాక చెప్పే మాటల కంటే అది నిజం. ఆ తర్వాత పది, పన్నెండు నిమిషాలు కోయాల్సి వస్తే కోయండి. సెన్సార్ అయ్యాక కోస్తే మళ్లీ బోర్డుకి చెప్పాలి కాబట్టి ఈ ప్రదర్శన సెన్సార్‌కి ముందే పెట్టుకోవడం మేలు.

సెన్సార్‌కి ఎంత ముందు వెళ్లాలి?

నెల ముందు వెళ్తే మనశ్శాంతి. 2023 చట్ట సవరణ తర్వాత యూఏ (పిల్లలు పెద్దల తోడుతో చూడదగ్గ) సర్టిఫికెట్‌లో 7, 13, 16 ఏళ్ల వర్గాలు వచ్చాయి. మీ కథ ఏ వర్గంలో పడుతుందో ముందే ఊహించుకోండి. హాల్లో వేసే ట్రైలర్‌కి విడిగా సర్టిఫికెట్ కావాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

టికెట్ ధర తగ్గిస్తే నష్టమా?

ఇక్కడ పన్ను లెక్క మనకు కలిసొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు, అంతకంటే తక్కువ ఉన్న టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. వంద రూపాయల టికెట్ పన్నుతో కలిపి 105 అవుతుంది, నికరంగా 100 మిగులుతుంది. అదే ప్రేక్షకుడి దగ్గర 110 తీసుకుంటే 18 శాతం పన్ను పడి నికరంగా 93 మాత్రమే మిగులుతుంది. 118 తీసుకుంటే గానీ మళ్లీ వంద రాదు. అంటే 105కీ 118కీ మధ్య ధర పెట్టడం వల్ల ప్రేక్షకుడికీ బరువే, మనకీ నష్టమే.

నలుగురు కుర్రాళ్లు కలిసి వెళ్లే సినిమాకి 105 చాలా మంచి ధర. కుటుంబమంతా వెళ్లాల్సిన సినిమాకి ఇంకా మంచిది. తెలంగాణ మల్టీప్లెక్సుల్లో టికెట్ 295 దాకా పెట్టుకోవచ్చని ప్రభుత్వ ఉత్తర్వు ఉంది కదా అని చిన్న సినిమాకి కూడా అదే ధర వదిలేస్తే, మొహం తెలియని నటుల కోసం అంత పెట్టేవాళ్లు ఎంతమంది? ధర తగ్గించాలని హాలు వాళ్లను అడగాల్సింది మీరే. బుకింగ్ తెరిచాక అడిగితే కుదరదు.

శుక్రవారం పొద్దున ఏం జరుగుతుంది?

సినిమా ఫైల్ హాలుకి ముందే చేరుతుంది, కానీ దానికి తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే కీ ఆ హాలుకి, ఆ తేదీలకే పనిచేస్తుంది. డిజిటల్ కంపెనీకి కట్టాల్సిన డబ్బు పూర్తిగా అందితేనే కీ విడుదల చేస్తారు. ఎన్నో చిన్న సినిమాల మార్నింగ్ షో ఆలస్యమయ్యేది, ఆగిపోయేది ఇక్కడే. ఫైనాన్షియర్‌తో, ల్యాబ్‌తో ఉన్న బాకీల పంచాయితీలు గురువారం అర్ధరాత్రి దాకా సాగుతాయి. బయట ప్రేక్షకుడు టికెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాడు. సాంకేతిక కారణాల వల్ల షో రద్దు అని బోర్డు పెడతారు. ఆ సినిమాకి మళ్లీ మార్నింగ్ షో రాదు. రెండేళ్లు పనిచేసిన అసిస్టెంట్ డైరెక్టర్ మొదటి ఆట చూద్దామని అమ్మానాన్నల్ని తీసుకొచ్చి వెనక్కి పంపాల్సి రావడం కంటే బాధ ఇంకోటి లేదు. బాకీల సంగతి బుధవారం లోపే తేల్చుకోండి.

మల్టీప్లెక్సు వాళ్లు ఇచ్చిన షో టైమ్‌లు కూడా అప్పుడే చూసుకోండి. పొద్దున పదింటికి ఒకటి, రాత్రి పదిన్నరకి ఒకటి ఇస్తే కుటుంబ కథకు ఎవరొస్తారు? రెండు షోలకు బదులు సాయంత్రం ఒక్కటే ఇవ్వమని అడగండి. ఇస్తారని చెప్పలేం. అడిగినవాళ్లకే ఇస్తారు.

ఓటీటీ వాళ్లు కొంటారు కదా, థియేటర్ ఎందుకు?

2020లో హాళ్లు మూసి ఉన్నప్పుడు 'కలర్ ఫోటో' నేరుగా ఆహాలో వచ్చి, తర్వాత జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఆ రోజులు ఇప్పుడు లేవు. చిన్న సినిమాను ముందు థియేటర్‌లో ఆడించి రమ్మంటున్నాయి ఓటీటీలు, అక్కడి ఫలితాన్ని బట్టి ధర చెబుతున్నాయి. కొందరు ఆ లాంఛనం కోసమే ఎవరికీ తెలియకుండా పది హాళ్లలో వేసి తీసేస్తున్నారు. ఇది నిర్మాత డబ్బును, నటుల కష్టాన్ని, ఆ వారం వేరే మంచి సినిమాకి దక్కాల్సిన షోను, మూడింటినీ వృథా చేస్తుంది. వేస్తే జనం కోసం వేయండి.

ఒప్పందం ముందే కుదిరితే ఎన్ని వారాల తర్వాత స్ట్రీమింగ్ అన్నది జాగ్రత్తగా చూడండి. హిందీ సినిమాలకు జాతీయ మల్టీప్లెక్సు చెయిన్లు ఎనిమిది వారాలు అడుగుతాయి. తెలుగులో నాలుగు వారాలకు, ఇంకా ముందే వచ్చేవి ఎక్కువ. 'బలగం' మూడు వారాలకే వచ్చింది. మీ సినిమా నిదానంగా పుంజుకునే రకమైతే గడువు పెంచమని అడగండి, డబ్బు కాస్త తగ్గినా సరే.

అమెరికాలో వేయొచ్చా?

వేయొచ్చు, కానీ ఇక్కడి టాక్ చూశాక వేసినా తప్పులేదు. 'పెళ్లి చూపులు' అక్కడ పది లక్షల డాలర్లు దాటింది. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా, అట్లాంటా లాంటి తెలుగువాళ్లు ఎక్కువున్న చోట్ల కొద్ది లొకేషన్లు చాలు. అక్కడ మంగళవారం టికెట్ చవక, చిన్న సినిమాకి ఆ రోజు బాగా కలిసొస్తుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు శ్రద్ధగా చేయించండి. అక్కడ పుట్టిన పిల్లలు వాటిని నమ్ముకునే హాలుకి వస్తారు.

రెండో వారానికి ఏం దాచుకోవాలి?

పబ్లిసిటీ డబ్బులో మూడో వంతు. సోమవారం కలెక్షన్ శుక్రవారంలో సగానికి తగ్గకుండా ఉంటే ఆ సినిమా బతికే ఉన్నట్టు. ఆ రోజే హాళ్లతో మాట్లాడాలి, ఎందుకంటే వచ్చే శుక్రవారం షోలు మంగళ, బుధవారాల్లో ఖాయమైపోతాయి. దర్శకుడు, నటులు సినిమా ఆడుతున్న ఊళ్లకే వరుసగా రెండ్రోజులు వెళ్లాలి. ఆడని ఊరికి వెళ్లి జనాన్ని తేవడం అయ్యే పని కాదు, ఆడుతున్న చోట ఇంకో వారం పొడిగించడం అయ్యే పని.

అమెరికాలో 2002లో 'మై బిగ్ ఫ్యాట్ గ్రీక్ వెడ్డింగ్' 108 థియేటర్లలో మొదలై, ఏ వారమూ మొదటి స్థానంలోకి రాకుండానే 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. నెలల తరబడి హాళ్లలో ఉండటం వల్లే అది సాధ్యమైంది. మన దగ్గర నెలలు ఉండనివ్వరు. మూడు వారాలు ఉండనిచ్చినా చాలా సినిమాల లెక్కలు మారిపోతాయి.

థియేటర్‌లో ఆడలేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు లెక్కలు పూర్తిగా తెప్పించుకోండి. ఆడని సినిమాకి ఎవరూ డీసీఆర్‌లు పంపరు, మీరే వెంటపడాలి. తర్వాత శాటిలైట్ (టీవీ), డిజిటల్ (ఓటీటీ), హిందీ డబ్బింగ్ హక్కులను విడివిడిగా అమ్మజూపండి. అన్నీ కలిపి ఒకేసారి శాశ్వతంగా రాసిమ్మని వచ్చేవాళ్లు ఈ సమయంలోనే వస్తారు. డబ్బు అవసరమైనా గడువు లేకుండా సంతకం పెట్టకండి. ఐదేళ్లకో, ఏడేళ్లకో ఇవ్వండి. ఇందులో నటించిన కుర్రాడు రేపు పెద్ద హీరో కావచ్చు, అప్పుడు ఆ హక్కులు మీ దగ్గరే ఉండాలి. ఒరిజినల్ ఫైళ్లు, సౌండ్ ట్రాకులు, సంగీతం విడిగా, రెండు హార్డ్ డిస్కుల్లో రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఎవరైనా కొనడానికి వచ్చినప్పుడు మొదట అడిగేవి అవే.